సబ్బు వాసన

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మన పిచ్చుకా కులాసా. మీరూ కులాసాగానే ఉన్నానని రాశారు గానీ నేను నమ్మలేదు. ఫోన్లో గట్టిగా అడిగితే మీకు సిగ్నల్ పోతుంది కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీ కూతురు పిచ్చుక నిద్ర ఫరవాలేదు. లేవగానే మీరు తెచ్చిన చెక్కముక్కలన్నీ గోడవారన వరసగా పేర్చి, చెరిపి, మళ్ళీ పేరుస్తోంది. కొత్తగా "నీళ్ళు" అంటోంది. నాతో కాదు, కుళాయితో. మీ పని చొక్కాలు బీరువాలోంచి తీసేశానా, వంటింటి గోడ చెమ్మ ఆరిందా, వీధివైపు కిటికీ తీస్తున్నానా అని అడిగారు. ఏమిటండీ ఈ ఆరాలు? పెళ్ళానికి రాసే ఉత్తరమా, తనిఖీకొచ్చిన ఆఫీసరు నోటీసా? నేనెలా ఉన్నానని ఒక్క ముక్క లేదు.

సరే, నా సంగతి నేనే చెబుతాను. మీరు వెళ్ళకముందు నుంచే నాకు మీ మీద అనుమానం. కుర్చీలకూ బల్లలకూ పాలిష్ కొట్టే మనిషి, పెళ్ళైన నాటినుంచీ థిన్నరు కంపుతో ఇంటికొచ్చిన మనిషి, ఉన్నట్టుండి తల దువ్వుకుని సబ్బు వాసనతో రావడం మొదలుపెడితే ఏ ఆడది ఊరుకుంటుంది? పైగా పిల్ల మీ మీదికి ఎగబాకితే దింపేసేవారు. ఆ దూరపు ఊళ్ళో పని కూడా మీరే అడిగి మరీ వేయించుకున్నారని తెలిసింది. ఇంకేముంది, అక్కడెవరో ఉందని తేల్చేసుకున్నాను. ఆవిడకో మొహం కూడా కల్పించుకున్నాను. నాకంటే కాస్త రంగు ఎక్కువ.

మొన్న ఉండబట్టలేక వెళ్ళి మీ మేస్త్రినే నిలదీశాను. ఆయన నీళ్ళు నమిలి నమిలి, చివరికి నోరు విప్పాడు.

"ఎవరూ లేరమ్మా. తన ఒంటికున్న థిన్నరే పిల్లకి పట్టిందని వాడి భయం. రోజూ షాపులోనే చర్మం లేచిపోయేలా రుద్దుకునేవాడు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మీ మీద కోపమూ వచ్చింది. సవతే ఉంటే జుట్టు పట్టుకుని తేల్చుకునేదాన్ని.

పిల్లకి ఆటిజం అని చెప్పిన రోజు డాక్టరమ్మ మనిద్దరినీ కూర్చోబెట్టి, కడుపుతో ఉన్నప్పుడు జ్వరాలొచ్చాయా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడు, కీళ్ళవాతం ఉన్నాయా, నాన్న ఏం పని చేస్తాడు అని అడిగింది కదా. అప్పుడు మీరు చేతులు బల్ల కింద దాచుకోవడం నేను చూశాను. నేనేం తక్కువ తిన్నాను? అప్పట్నుంచి నాకొచ్చిన జ్వరాన్నీ, మా అమ్మ కీళ్ళనూ, ఆ చెమ్మ గోడనూ బోనెక్కిస్తూనే ఉన్నాను. పక్కింటావిడ టీకాల వల్లేనంది. ఒకే ఇంట్లో ఉండి ఎవరి దొంగను వాళ్ళం వెతుక్కున్నాం.

మేస్త్రి దగ్గర్నుంచి తిన్నగా డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను. దేనివల్ల వచ్చిందో చెబితేగానీ కదలనన్నాను. టీకాల మాట ఒక్క ముక్కలో కొట్టిపారేసింది.

"చాలావరకు పుట్టుకతో వచ్చేదేనమ్మా. తల్లి ఒంట్లోని రోగనిరోధక శక్తికీ, చుట్టూ ఉన్న గాలికీ కూడా కొంత పాత్ర ఉండొచ్చని పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ ఒక పిల్లను చూపించి ఫలానా దానివల్లే అని ఎవరూ చెప్పలేరు. అలా చెప్పేవాళ్ళు కనబడితే వాళ్ళను అనుమానించు" అంది.

ఇక ఇంతసేపూ చెప్పకుండా ఆపుకున్న మాట. నాకు నెల తప్పింది. మీరు బయల్దేరేనాటికే తప్పింది. చెబితే ఇంకా దూరం పారిపోతారని నోరు మూసుకున్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా థిన్నరు గాలికి దూరంగా ఉండటం మంచిదట. మిమ్మల్ని షాపులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రమ్మంది డాక్టరమ్మ. అంటే మీరు చేసిందే. నాకు జ్వరమొస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తన దగ్గరికి రమ్మంది.

అంత చెప్పినా నా బుద్ధి ఊరుకోదు. కిటికీ తీస్తే ఒక అనుమానం, మూస్తే ఒక అనుమానం. తుమ్మొస్తే గుండె జారిపోతోంది. ఇన్ని అనుమానాలు ఒక్కదాన్నే మొయ్యలేనండీ. వచ్చి సగం పట్టండి.

పిచ్చుకలాంటిదే ఇంకొకటి పుడుతుందని మీకు భయమేమో. పుడితే పుట్టనివ్వండి, పెంచుకుందాం. దాన్ని కూడా ఎత్తుకోకుండా దింపేస్తారేమోనని, నా భయం అదొక్కటే.

ఇట్లు,
మిమ్మల్ని ఇంకా పూర్తిగా నమ్మని
మీ ఇల్లాలు