కూరకు తెచ్చిన కోళ్లు

సుశీలా, పరదేశిని చేర్చుకోమని చర్చిలో ఇన్నేళ్లు గొంతు చించుకుని చెప్పాను గదా, నీ కోళ్లకు ఆ మాట ఎవరు చెప్పాలి?

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ జ్ఞాపకార్థ కూడికకు, కూర వండుదామని సంఘంవాళ్లు రెండు పెట్టలను తెచ్చారు. నేను కోయనివ్వలేదు. ఎందుకో నాకూ తెలియదు. అందరం పప్పుతో తిన్నాం.

ఇవాళ గూడు ముందు నిలబడి ప్రార్థన చేసి, పట్టపగలే వాటిని నీ కోళ్లలో వదిలాను. మంచి పని వెలుగులోనే చేయాలని నమ్మినవాణ్ణి. నీ నల్లపెట్ట కాసేపు చూసి, కొత్తవాటిలో చిన్నదాని తల మీద పొడిచింది. ఆ వెంటనే అన్నీ పొడిచాయి. వాక్యం చెప్పేటప్పటిలాగే గట్టిగా గద్దించాను.

పక్కింటి లక్ష్మమ్మ మగ్గం ఆపి గోడ మీదుగా చూసింది.

"కోళ్లు గూడ ఆమెన్ అంటయా అన్నా? వదినె ఐతే కొత్తయాటిని కొన్ని దినాలు గంప కింద ఉంచేది. ఒకదాన్నొకటి సూసుకున్నంక, పొద్దుగూకినంక గూట్ల ఏసేది."

చిన్నది మూలకు నక్కింది. తల మీద నెత్తురు. నేను గడపలో కూర్చుని నీకిది రాస్తున్నాను. పునరుత్థాన దినాన నువ్వు సమాధిలోంచి లేస్తావని ప్రతి ఆదివారం చెబుతున్నాను. ఇవాళ లేవవలసింది నేను.

లక్ష్మమ్మ మళ్లీ కేకేసింది.

"రాసుడు బంద్ చెయ్యి అన్నా! నెత్తురు సూస్తే అవి ఊకోవు. దాన్ని తీసి, జర పసుపు పెట్టి, గంప కింద మూయి. రేపటిదాంక ఆగితే అది బతకదు, ఇప్పుడే లే!"