బీరువాలో ఉన్న ఆదివారపు క్యాసెట్టు

తేదీ: 16-9-2005, శుక్రవారం

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
ఉద్దానం, మొగలిపాలెం గ్రామ నివాసి, కీ.శే. నతానియేలు గారి పెద్ద కుమార్తె సువర్ణమ్మ (వయస్సు 54) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు స్పానిష్ భాష నేర్పుటకు వాడుచున్న కంప్యూటరు, సీడీలు, టేపు రికార్డరు తమరు స్వాధీనపరచుకొనిన సందర్భమున, అందులోని క్యాసెట్టు ఒక్కటి ఎల్లుండి ఆదివారం లోపల ఇప్పించుట గురించి.

నా చిన్న తమ్ముడు షాలేమ్ రాజు ఓడలో వంటవాడుగా వెళ్లి, స్పానిష్ మాట్లాడే దేశంలో ఒక రేవు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ క్యాసెట్టులో ఉన్నది అతని సంగతి. మొదట సోమవారం ఉదయం ఏమి జరిగినదీ మనవి చేసుకొని, ఆ తరువాత నా మొర అంకెలు వేసి వ్రాయగలదానను.

సోమవారం ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకొన్నాను. అన్నం వార్చి, ఆ తమ్ముని కూతురు బ్లెస్సీకి జడ వేశాను. నాలుగో తరగతి పిల్ల. జడ వేస్తున్నంతసేపూ కళ్లు మూసుకొని ఏదో గొణుగుకొంటోంది. ఏటే అని అడిగితే, "మార్తెస్, అత్తా. మార్తెస్ అంటే మంగళారం. నిన్న ఫోన్లో అన్నారు. మరిసిపోతానేమోనని అనుకుంతన్నాను" అన్నది.

జీడితోట దాటేసరికి పడవలు ఒడ్డుకు వచ్చి ఉన్నాయి. రాజులమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకొని, కూతురు ప్రవల్లికను బడికి తీసుకొస్తోంది. ఆమె భర్త పోతురాజు కూడా నా తమ్ముడు వెళ్లిన ఓడలోనే ఉన్నాడు.

"అప్పా, నీ మేనకోడలు మా గుంటని పాడుసేసీసింది. సేపని పెస్కాదో అంతంది. పెస్కాదో అంటే బేరగాళ్లు ఎక్కువిత్తారేటి?" అన్నది నన్ను అక్క వరసతో పిలిచే రాజులమ్మ.

"పెస్కాదో అంటే పట్టిన సేప, అమ్మా. నీట్లో ఈదే సేపకి పేరు ఏరే. సీడీలో ఉంది" అన్నది ప్రవల్లిక.

"సూసినావా అప్పా. సేపల గురించి నాకు సెప్తంది."

నవ్వుకొంటూనే బడికి చేరాము. ఎనిమిదింటికి కరెంటు పోతుంది గనుక ఆరున్నరకే ఈ పాఠం. బడివేళల్లో ఒక్క నిమిషం వాడలేదు. ఇరవై ముగ్గురు పిల్లలు చాపల మీద కూర్చున్నారు. ధనుంజయ మాష్టారు బోర్డు తుడిచి, టేపు రికార్డరులో క్యాసెట్టు పెట్టి, "కళ్లు" అన్నారు. అందరూ కళ్లు మూసుకొన్నారు. నేను కిటికీ పక్కన బైబిలు ఒడిలో పెట్టుకొని తల వంచుకొన్నాను. టేపులో ఆ ఆసుపత్రి నర్సమ్మ గొంతు మొదలయిందో లేదో, తమరి జీపు వచ్చి ఆగింది.

తమరు గుమ్మంలో నిలబడి "ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్నారు. ఒక్క పిల్లా కళ్లు తెరవలేదు. టేపు అయ్యేదాకా తెరవరాదని వారికి మాష్టారి ఆజ్ఞ. అది తమరి పట్ల అవిధేయత కాదని మనవి.

"నువ్వెవరమ్మా?" అని అడిగారు. బ్లెస్సీ అత్తనండి అన్నాను. "చేతిలో అదేమిటి?" అన్నారు. బైబిలండి అన్నాను. తమరు మరి అడగలేదు. నేను మరి చెప్పలేదు. అడగనిది చెప్పే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. దాని వలన ఈసారి కీడు జరిగినది గనుక, ఇప్పుడు చెప్పుకొంటున్నాను.

1. ఇచ్ఛాపురంలో ఒక ఏజెంటు ద్వారా మా ఊరి మగవాళ్లు ఐదుగురు ఓడ పనికి వెళ్లిరి. ఓడ యజమాని జీతాలు ఎగవేసి, ఓడను ఆ రేవులోనే వదిలి కనిపించకుండా పోయినాడు. ఎనిమిది నెలలుగా వాళ్లు దిగటానికి లేదు, రావటానికి లేదు. నలుగురు ఓడలోనే ఉన్నారు. నా తమ్మునికి కిడ్నీలు పాడయినందున జూన్ నెలలో ఆసుపత్రిలో చేర్చినారు. ఉద్దానంలో ఈ జబ్బు గురించి తమరికి చెప్పనవసరం లేదు. మా అమ్మ కూడా దీనితోనే పోయింది.

2. ప్రతి ఆదివారం సాయంకాలం ఆరింటికి ఆ ఆసుపత్రి నుంచి మా ఊరి అప్పలరాజు టెలిఫోను బూతుకు ఫోను వస్తుంది. మూడు నిమిషాలు. మన వైపు నుంచి చేస్తే కలవదు. మొదటి ఆదివారం నర్సమ్మ మూడు నిమిషాలూ ఏదో చెప్పింది. నా మరదలు, బ్లెస్సీ తల్లి, "అలో, అలో" అని మాత్రమే అనగలిగింది. ఫోను పెట్టేశాక, అక్కడే ఉన్న ధనుంజయ మాష్టారు, "అప్పా, మనకి రాదు గానీ పిల్లలకి వచ్చీస్తాది. బళ్లో కంప్యూటరు ఊరికే ఉంది కదా" అన్నారు. తరువాతి వారమే విశాఖపట్నం వెళ్లి స్పానిష్ సీడీలు తెచ్చారు. ఆ విధముగా ఈ పాఠము ప్రారంభమైనది.

3. పాఠము జరుగు పద్ధతి: ఆదివారం ఫోనుకు టేపు రికార్డరు ఆనించి మాటలు పట్టుకొంటాము. సోమవారం పిల్లలు కళ్లు మూసుకొని వింటారు. తెరిచి ఉంటే ఒకరినొకరు చూసి నవ్వుతారని మాష్టారు పెట్టిన నియమమిది. చెవిన పడిన శబ్దాన్ని మాష్టారు బోర్డు మీద తెలుగు అక్షరాలలో వ్రాస్తారు. తరువాత కంప్యూటరులో బొమ్మలు ఒక్కొక్కటే నొక్కుతూ, ఆ శబ్దం ఏ బొమ్మ పలుకుతుందా అని వెతుకుతారు. ఒక్కొక్క మాట దొరకటానికి ఒక్కొక్క పూట పడుతుంది. శనివారానికి అర్థం తేలుతుంది. ఆదివారం బ్లెస్సీ జవాబు చెబుతుంది. దీనివల్ల లాభమేమిటని తమరు మాష్టారిని అడిగారు. జూలైలో నా తమ్ముడు ఏమీ తినటం లేదని నర్సమ్మ చెప్పినట్టు పిల్లలే తేల్చారు. తరువాతి ఆదివారం బ్లెస్సీ "అర్రోస్" అని నాలుగుసార్లు చెప్పింది. అన్నం అని. ఆ పై వారం తమ్ముడే ఫోనులోకి వచ్చి, "అప్పా, అన్నం ఎట్టినారు. మన గుంటే సెప్పిందంట కదా" అన్నాడు. అంతకు మించిన లాభం నాకు తెలియదు. ఆగస్టు నుంచి తమ్ముడు ఫోను దగ్గరకు రావటం లేదు.

4. పాఠశాలలో విదేశీ టేపులతో మతప్రచారము జరుగుచున్నదని మాష్టారికి తమరు మెమో ఇచ్చి, ఆయనను వేరే ఊరి బడికి పంపించినారు. ఆయన మా సంఘస్థులు కారు. సోమవారాలు ఉపవాసం ఉంటారు. తమరు వచ్చిన పూట నుదుట విభూతి ఉన్నది, చూసే ఉంటారు. ఆ ఇరవై ముగ్గురిలో మా సంఘం పిల్లలు ఇద్దరే. మిగిలినవారు చేపలు పట్టే ఇళ్ల పిల్లలు. నా మట్టుకు నేను ఆ సమయంలో ప్రార్థన చేయలేదని అనను. చేశాను. తమ్ముని గొంతు వినిపించాలని చేశాను. పిల్లలు చేయలేదు, వారు విన్నారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే విధముగా ఉండునని నాకు అప్పుడు తోచలేదు. తప్పు ఉన్నచో నాది. ఇకమీదట బడి గడప తొక్కనని ఇందుమూలముగా వ్రాసి ఇస్తున్నాను. మాష్టారిని తిరిగి పంపించవలసినది.

5. ఇక ముఖ్యమైనది. మొన్న ఆదివారం ఫోనులో మొదట నర్సమ్మ, తరువాత ఎవరో పెద్దాయన మాట్లాడారు. డాక్టరు కావచ్చును. అంత నిదానంగా అక్కడివారు ఎప్పుడూ మాట్లాడలేదు. బ్లెస్సీకి ఫోనులో అందిన మాటలు నాలుగే. రిన్యోన్ అనగా కిడ్నీ. ఎర్మానా అనగా అక్క గాని చెల్లెలు గాని. మార్తెస్ అనగా మంగళవారం. దొమింగో అనగా ఆదివారం. మంగళవారం అక్కడ ఏదో చేయబోతున్నారనియు, దానికి అక్కనయిన నన్ను ఏదో అడిగినారనియు, జవాబు ఈ ఆదివారం చెప్పవలెననియు మాష్టారి అభిప్రాయము. ఏమి అడిగినారో మిగిలిన టేపులో ఉన్నది. ఆ టేపు రెండు మాటలు పలికేసరికి తమరు ఆపించినారు. ఆదివారం మళ్లీ చెప్పమని అడగవచ్చును కదా అని తమరు అనవచ్చును. మళ్లీ చెబుతారు. మూడు నిమిషాలలో చెబుతారు. దానిని విప్పటానికి మాకు వారం కావలెను.

6. బుధవారం తమరి ఆఫీసుకు వచ్చాను. తమరు క్యాంపులో ఉన్నారు. అటెండరు నారాయణ మంచివాడు. "తాళం సారు దగ్గిరుందప్పా. బీరువా సూపగలను గానీ తియ్యలేను" అన్నాడు. చూపించాడు. ఆకుపచ్చ బీరువా. దాని ఎదురుగా బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. గురువారం కూడా వచ్చి కూర్చున్నాను. ఎవరి పనికీ అడ్డము రాలేదు.

కావున కోరునది: క్యాసెట్టు మా చేతికి ఇచ్చుట నిబంధనలకు విరుద్ధమైనచో, రేపు శనివారం ఆఫీసులోనే, తమరి ఎదుటనే, ఆ టేపు బ్లెస్సీకి వినిపించవలసినది. బొమ్మల సీడీ పక్కన పెట్టించవలసినది. మాష్టారికి ఒక్క పూట అనుమతి ఇప్పించవలసినది. వారం పని ఒక్క పూటలో కాదు గాని, దొరికినన్ని మాటలే దొరుకుతాయి. నేను బయట రోడ్డు మీద ఉంటాను. బైబిలు ఇంటి దగ్గర పెట్టి వస్తాను. పిల్ల మాత్రం కళ్లు మూసుకొని వింటుంది. దానికి తమరు అన్యథా భావించరాదు.

ఈ కాగితము చిత్తగించవలెను. అంత తీరిక లేనిచో, కాగితము పక్కన పెట్టి టేపు మాత్రము వినిపించవలెను.

తమ విధేయురాలు,
సువర్ణమ్మ

జతపరచినవి: ఆసుపత్రి పేరు, దేశం పేరు వ్రాసిన చీటీ ఒకటి. పిల్లల తల్లుల వేలిముద్రలు పద్దెనిమిది. మొదటిది రాజులమ్మది.

తా.క.: సోమవారం సాయంకాలం మా ఇంట్లో జరిగినది కూడా తమరికి తెలియవలెనని వ్రాస్తున్నాను.

పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే మా పెద్ద తమ్ముడు ప్రభాకరరావు కబురు విని వచ్చాడు. నేను, అతను, మరదలు కూర్చున్నాము. అక్కను అడిగారంటే నా కిడ్నీ ఇస్తానా అనే అడిగి ఉంటారు, ఔనని చెప్పెయ్యండి అన్నాను. ఏమి అడిగినా నా దగ్గర ఉన్నదే కదా అడుగుతారు అన్నాను.

ప్రభాకరరావు, "అది కాపోతే, అప్పా? ఇంక రక్తం కడిగే మిషను తీసీమంటారా అని అడిగితే? ఇక్కడే పూడ్సీమంటారా అని అడిగితే? దానికీ ఔనంతామేటి?" అన్నాడు.

మరదలు, "మరి కాదంటే? ఆపరేషన్ సేత్తాం అని అడిగుంటే, కాదంటే ఏటవుద్ది?" అన్నది.

బ్లెస్సీ తలుపు దగ్గర నిలబడి ఉన్నది. ఎంతసేపటి నుంచి ఉన్నదో మేము చూడలేదు. "నాను ఏటి సెప్పాలి, అత్తా?" అని అడిగింది.

అప్పుడు నిర్ణయించుకొన్నాము. ఈ ఆదివారం పిల్ల ఫోను ముట్టుకోదు. బూతుకు రాదు, రాజులమ్మ ఇంట్లో ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల తన తండ్రి సంగతి ఔనో కాదో చెప్పి, అది తప్పయితే, ఇక బతికినంతకాలం ఆ మాట దాని నోట ఉండిపోతుంది. కనుక జవాబు నేను చెబుతాను. తప్పయితే నాది కావలెను.

ఆ సాయంకాలం నుంచి బ్లెస్సీ నాకు నేర్పుతోంది. నేను అక్కను అని చెప్పటం వచ్చింది. ఔను అనటానికి సీ అంటారు. కాదు అనటానికి నో అంటారు. రెండూ వచ్చాయి. వాటిలో ఏది చెప్పవలెనో తమరి బీరువాలో ఉన్నది.