బీరువాకి పది, దూలానికి తొమ్మిది

నా బంగారు అక్కకి,

ముందే చెబుతున్నాను, ఇది చదివితే నీకు కోపం వస్తుంది. టీ తాగేసి చదువు.

పోయిన శనివారం పోటీకి నా మార్కులు: మొదటి రౌండు ఇద్దరికీ సమానం, రెండోది సమానం, మూడోది కూడా సమానమే. బద్ధకంతో వేసినవి కావు. ఆ ఇద్దరు మహాకాయులూ ఒక్క నిమిషం తన్నుకున్నారు. తర్వాత ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చుకుని, రద్దీ బస్సులో నిలబడి నిద్రపోయేవాళ్ళలా ఊగారు. రిఫరీ విడదీస్తాడు, వాళ్ళు మళ్ళీ కావలించుకుంటారు. ఆ సాయంత్రం నిజంగా చెమటోడ్చింది రిఫరీ ఒక్కడే. వీలుంటే మార్కులన్నీ అతనికే వేద్దును.

మన హెవీవెయిట్ కిక్‌బాక్సింగ్ కుక్కలు చింపిన విస్తరి అయిపోయిందక్కా. ఛాంపియన్ బెల్టు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి మోకాలంటాడు, ఒకసారి ప్రమోటరంటాడు, బరిలోకి మాత్రం దిగడు. మిగిలిన నలుగురూ వాళ్ళలో వాళ్ళే తిప్పి తిప్పి కొట్టుకుంటున్నారు. ఇతను అతన్ని మూడోసారి ఓడించాడని టీవీలో గొప్పగా చెబుతారు. రెండుసార్లు ఓడినవాణ్ణి మళ్ళీ ఎందుకు తెచ్చారయ్యా అని ఒక్కరూ అడగరు. కాస్త కాలు లేచే కొత్తవాడు కనిపిస్తే చాలు, బాక్సింగ్ వాళ్ళు ఎగరేసుకుపోతారు. ఒకే సాయంత్రం ఎనిమిది మంది దిగి చివరికి ఒక్కడు నిలిచే ఆ టోర్నమెంటు ఏమైపోయింది? బాబాయి హాలు గేటు దగ్గర టికెట్లు చింపుతూ మనిద్దర్నీ వెనక వరసలోకి తోసేసేవాడు. మనం గొంతు పోయేలా అరిచి, మర్నాడు బళ్ళో సైగలతో మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు నేను పోటీ చూస్తూ కూరలు తరుగుతున్నాను. తరగడం అయిపోయినా వాళ్ళు కావలించుకునే ఉంటున్నారు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నాకు చూడటం మానేయాలని ఉంది. ఆ మాట రాయడానికి ఎన్నాళ్ళుగానో భయపడుతున్నాను. మానేస్తే నీకేం రాయను? ఫోన్లో మనం మాట్లాడుకునేదెంత? తిన్నావా అంటావు, తిన్నానంటాను, బావ బాగున్నాడా అంటాను, ఆఁ అంటావు. ఫోన్లో ఎవరో ఒకరం ఫలితం నోరు జారతామని మనమే పెట్టుకున్న ఉత్తరాల నియమం ఇది. పోటీ చూడాలి, రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిదో ఎనిమిదో, ఎవరి మార్కులు వాళ్ళు వెయ్యాలి, రెండోవాళ్ళ మార్కులు తెలియకముందే పోస్టు చెయ్యాలి. ఇది లేకపోతే మనం రెండు ఊళ్ళలో ఉన్న ఇద్దరు చుట్టాలం అయిపోతాం. పగలంతా ల్యాబులో కట్టుడు పళ్ళకి మెరుగు పెడుతూ ఇదే ఆలోచన. నిన్న ఒకాయన పైపళ్ళకి ఇంకొకాయన కింది పళ్ళు జత చేసేశాను. డాక్టరుగారు చూసి ఆపబట్టి సరిపోయింది.

వచ్చే శనివారం బీరువాకీ దూలానికీ పోటీ. మనం ఆ పేర్లు పెట్టామని తెలిస్తే ఆ మహానుభావులు మనల్నే ముందు తంతారు. ఇదే ఆఖరి అవకాశం. అది కూడా కౌగిలింతల పోటీయే అయితే నేను మానేస్తాను. తిట్టినా సరే.

నీ చెల్లి


నా మొద్దు చెల్లికి,

మానేస్తుందట, నీ మొహం! బీరువాకీ దూలానికీ జరిగిన యుద్ధం చూశాక కూడా ఆ మాట అనగలవా?

నా మార్కులు రాసుకో. మొదటి రౌండు బీరువాకి పది, దూలానికి తొమ్మిది. దూలం ఎడమ తొడ మీద ఒకే చోట తన్ని తన్ని కందగడ్డ చేసేశాడు. రెండోది దూలానికి పది. ఆ మోకాలు పొట్టలో దిగినప్పుడు నేను నా పొట్ట పట్టుకున్నాను. మూడో రౌండు గురించి ఏం చెప్పను! బీరువాకి కనుబొమ చిట్లి కంట్లోకి నెత్తురు కారుతోంది. కిందపడ్డాడు, రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టాడు, లేచాడు, లేచి మళ్ళీ మీదకే వెళ్ళాడు. కౌగిలింత ఒక్కటి లేదు. బాబాయి ఉంటే కుర్చీ ఎక్కి నిలబడేవాడు.

హోటలు వాళ్ళ కర్టెన్లు కుట్టడం పూర్తయింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి వేలాడదీయాలి, అందుకే ఇంతకంటే రాయలేకపోతున్నాను. ఆట బాగుపడుతుందే, ఓపిక పట్టు. మానేయకు. కనీసం నా కోసమైనా.

అక్క


మహా గౌరవనీయురాలైన అక్కగారికి,

ఆ పోటీ జరగలేదు.

శనివారం సాయంత్రం వంట ముగించుకుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. బీరువాకి వార్మప్‌లో పిక్క పట్టేసిందనీ, పోటీ రద్దనీ చెప్పారు. నువ్వు అంత నెత్తురు కారించిన ఆ మనిషి కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చి క్షమాపణ చెప్పి వెళ్ళాడు. కనుబొమ మీద గీత కూడా లేదు. దూలం పాపం ఎవర్నీ తన్నకుండానే ఇంటికి పోయాడు.

నీ ఉత్తరం రాగానే పడీపడీ నవ్వాను. మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన కూడా నవ్వి, "మరి మీ అక్క ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నట్టే?" అన్నాడు. అక్కడితో నా నవ్వు ఆగిపోయింది.

నిజమే కదా. ఒకప్పుడు ఒక్క మార్కు కోసం వారాల తరబడి తగాదా పడేదానివి. నా కళ్ళు కుట్టుమిషను కింద పెట్టి బాగుచేయాలని రాసేదానివి. కొన్నాళ్ళుగా ఏం రాసినా "సరేలే, నువ్వన్నదే రైటు" అంటున్నావు. వయసొచ్చి మెత్తబడ్డావనుకుని మురిసిపోయాను కూడా, ఎంత పిచ్చిదాన్ని! అక్కా, ఎప్పట్నుంచి చూడటం లేదు? నేను మానేస్తానని చెప్పడానికి అంత బెంగపడ్డానే, ఇన్నాళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు? నువ్వు అవతల ఉన్నావనే అనుకున్నాను. ఏడుపొచ్చింది. దాచుకోను, బాగా ఏడ్చాను.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. రద్దయినదాని బదులు ఇద్దరు అమ్మాయిల పోటీ పెట్టారు. యాభై రెండు కిలోల వాళ్ళు. మనం చిన్నప్పుడు తక్కువ బరువు వాళ్ళు రాగానే దోమలొచ్చాయని మంచినీళ్ళకి లేచిపోయేవాళ్ళం. ఈసారి లేవడానికి బద్ధకించి అలాగే కూర్చున్నాను. ఎంత మంచి పని చేశానో! ఒక్కళ్ళూ ఆగరు, ఆయాసపడరు, కావలించుకోరు. రెండో రౌండులో నేను పెట్టిన కేకకి మా ఆయన కొంప మునిగిందనుకుని సబ్బుచేతులతో పరిగెత్తుకొచ్చాడు. ఎన్నేళ్ళయిందో అలా అరిచి. మొదటి రౌండు పొట్టమ్మాయికి ఇచ్చాను, రెండోది పొడుగమ్మాయికి, మూడోది పొట్టమ్మాయికి. ఈ మార్కులు నువ్వు చూస్తావో చూడవో తెలియదు కానీ, రాయకుండా ఉండలేకపోయాను.

నిజం రాయి. ఏదైనా సరే.

చెల్లి


చెల్లీ, నా తల్లీ,

దొరికిపోయాను. నీ ఉత్తరం చదివి మీ బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం నువ్వు ఏడ్చానన్నచోట చదువు ముందుకి సాగలేదు.

బాబాయి పోయాక ఒక పోటీ పెట్టుకుని కూర్చున్నాను. రెండో రౌండుకల్లా నిద్రపోయాను. తర్వాతదీ అంతే. ఆయన లేని లోటనుకున్నాను. కాదు, ఆటే చచ్చిపోయింది. నువ్వు రాసిందంతా అక్షరాలా నిజం. అప్పట్నుంచి ఆదివారం పేపర్లో ఫలితం చూసి, మిగతాది పాత పోటీల్లోంచి ముక్కలు కోసి అతికించి రాస్తున్నాను, అతుకులు కనపడకుండా కుట్టడమే కదా నా పని. ఈసారి హోటలు పని ఉంది కాబట్టి శనివారం మధ్యాహ్నమే రాసి పోస్టు డబ్బాలో పడేశాను. ఎవరు గెలిచారో తేల్చకుండా తెలివిగా తప్పించుకున్నాననుకున్నాను కూడా.

ఎందుకంటావా? నీ మార్కుల కోసమే. ఫోన్లో నువ్వు చచ్చినా బాగోలేదనవు. నీ మార్కులకి ఆ దొంగతనం తెలియదు. మీ ఆయనతో నీకు మాటలు లేని వారాల్లో ఓడినవాడికి నీ చేతిలోంచి ఎనిమిదికి మించి రాలదు. ఉద్యోగం ఖాయమైన వారం బోర్లా పడ్డవాడికి కూడా పదేశావు. మొన్న వరసగా సమానం, సమానం, సమానం అని చూసి ఉత్తరం మళ్ళీ మొదట్నుంచీ చదివాను. పిల్లకి దేనిమీదా మనసు నిలవడం లేదు, ఏమైందో అనుకున్నాను. నీకు ఉత్సాహం రావాలనే అంత నెత్తురు కారించానే. ఆట పోతే పోనీ, నువ్వు ఎలా ఉన్నావో తెలిసే దారి కూడా మూసుకుపోతుందని నా భయం.

పోటీలు చూడలేదు, ఒప్పుకుంటాను. నీ ఉత్తరాల్లో మాత్రం ఒక్క ముక్క వదల్లేదు. కొన్ని మీ బావకి కూడా చదివి వినిపించాను, ఆయన వద్దన్నా. నువ్వు మాట్లాడింది నాతోనే. చూడనిదాని గురించి ఏ మొహం పెట్టుకుని పోట్లాడేది? అందుకే నువ్వన్నదే రైటని రాస్తూ వచ్చాను. అలా రాసిన ప్రతిసారీ నాకెంత మంటగా ఉండేదో నీకేం తెలుసు!

నిన్న పని ఆపి ఆ అమ్మాయిల పోటీ ఫోన్లో వెతికి పెట్టమని మీ బావ ప్రాణం తీశాను. ఆ పొట్టమ్మాయి గిర్రున తిరిగి మడమతో కొట్టింది చూడు, నేను ఒక్క ఉదుటున లేచాను. ఒళ్ళో ఉన్న గుండుసూదుల డబ్బా ఎగిరిపడింది. మీ బావ ఇంకా నేల చూసుకునే నడుస్తున్నాడు. మధ్యలో ఆయన కూడా "అబ్బ!" అన్నాడు, తర్వాత అనలేదని బుకాయించాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ లావుపాటి వాళ్ళని కొన్నాళ్ళు వాళ్ళ మానాన వదిలేద్దాం. బాగుపడినప్పుడు చూడొచ్చు.

ఇక విషయానికొస్తే, రెండో రౌండు పొడుగమ్మాయికి ఎలా ఇచ్చావే? ఆమె కొట్టిన దెబ్బల్లో సగం అవతలి పిల్ల అడ్డం పెట్టిన చేతుల మీదే పడ్డాయి. కావాలని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. పొట్టమ్మాయికే పది. నువ్వన్నది రైటు కాదు, ముమ్మాటికీ కాదు. ఎన్ని ఉత్తరాలు రాసుకుంటావో రాసుకో, నేను ఒప్పుకోను.

మీ అక్క