బాగున్నానా

జూన్ 4

బట్టలు రెండు బకెట్లు. ఫ్రిజ్ తుడిచాను. కిటికీ తెరలు ఉతికాను. అమ్మాయి కాలేజీ డ్రెస్ వదులైందంటే పక్కలు లోపలికి పట్టి కుట్టాను.

అమ్మాయి ఒక నవల మీద వ్యాసం రాయాలట. అందం పిచ్చి పట్టిన నటి కథ. అందులో అద్దమంటే అద్దం కాదట, గౌనంటే గౌను కాదట, అన్నీ సింబల్సేనట. మీ అమ్మ కాఫీలో చక్కెర మర్చిపోతే అదీ సింబలేనా అన్నారు మా ఆయన. అది మతిమరుపు నాన్నా అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

జూన్ 9

గిన్నెలయ్యాక ఆ నవల తీశాను. నటి ప్రతి అధ్యాయంలోనూ అదే తెల్ల గౌను బిగింపించుకుంటుంది. ఎదురైన వాళ్లనల్లా బాగున్నానా అని అడుగుతుంది. అందరూ బాగున్నావనే అంటారు. మనిషి కరిగిపోతుంటే వీళ్లకు కళ్లు లేవా?

గౌను కుట్టే ఆవిడ దేనికి సింబల్ అని అమ్మాయిని అడిగాను. లోకానికట. చెడ్డది కాదమ్మా, చెప్పిన పని చేసి పెడుతుందంతే అంది.

జూన్ 10

డ్రెస్ మళ్లీ బిగించాను. ఎండలకు తిండి సయించడం లేదేమో.

జూన్ 16, మధ్యాహ్నం

నవల అయిపోయింది. ఆఖరి పేజీలో గౌను ఒక్కటే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటుంది. లోపల నటి లేదు. కుట్టే ఆవిడ దాన్ని చూసి, ఎంత బాగుందో అంటుంది.

పుస్తకం మూసి సూదిలో దారం ఎక్కించాను. ఒళ్లో అమ్మాయి డ్రెస్. మూడోసారి. లోపలికి పట్టడానికి ఇక గుడ్డ లేదు.

సూది డబ్బాలో పెట్టేశాను.

అదే రోజు, సాయంత్రం

అమ్మాయి గుమ్మంలో నిలబడి, బాగున్నానా అని అడిగింది. రోజూ అడుగుతుంది. పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా, నీకేం, బాగున్నావు అంటాను. ఇవాళ తిరిగి చూశాను. మెడ కింద గుంటలు, నీళ్లు పోస్తే నిలిచేలా. చెయ్యి పట్టుకుని ఎత్తితే గాజు మోచేయి దాకా జారింది.

బాగాలేవు అన్నాను.

దాని మొహం పాలిపోయింది. అందం సంగతి కాదే, మనిషివి బాగాలేవు అన్నాను.

నేనూ అదే అడుగుతున్నానమ్మా ఇన్నాళ్లూ, అంది.

క్యారేజీ అన్నం కాలేజీ గేటు దగ్గర కుక్కకు పెడుతోందట. కుక్క మాత్రం బాగుందమ్మా అని నవ్వబోయి, గుమ్మంలోనే కూలబడింది.

జూన్ 17

డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాం. చాలా రోజులు పడుతుందన్నారు.

కుట్లన్నీ విప్పాను. డ్రెస్ కుర్చీలో వెయ్యలేదు, దండెం మీద వేశాను.

బాగున్నానా అన్నదానికి అమ్మాయికి ఒక నిజమైన జవాబు బాకీ. నిన్నటితో చెల్లు.