మంచు పడ్డాక చెప్పే కథ

ఫిల్మ్ నిధి అధికారిగారికి,

మా అక్క మార్సెలిన్ చెప్పే పాత కథను సినిమాగా తీస్తామని పెట్టుకున్న దరఖాస్తును, జూలైలోపు కథ రాసివ్వమని తిప్పి పంపారు. మా ఓజిబ్వే ఆదివాసులు అలాంటి కథలను నేల మీద మంచు ఉన్నప్పుడే చెబుతారు. ఈ సంగతి మీ పండితుల పుస్తకాల్లోనూ చదివాను. అయినా ఇదే కథను బయటివాడెవడో ఊహించి రాసిస్తే మీరు డబ్బిచ్చారు. మమ్మల్ని అంతరించిన జాతిగా చూపిన ఆ సినిమా చూసి అక్క, “మనం ఎప్పుడో చచ్చామని వీళ్ళతో ఎవడు చెప్పాడ్రా?” అంది.

ఇప్పుడామె ఆస్పత్రిలో ఉంది. శీతాకాలం చూడదని డాక్టరు అన్నాడు. కథ పూర్తిగా తెలిసింది ఆమెకొక్కదానికే, ఇప్పుడే చెప్పెయ్యమని నిన్న బతిమాలాను. “మంచు పడనీరా. వాళ్ళకి చలంటే భయమా?” అని అటు తిరిగి పడుకుంది.

అందుకే కథ రాయాల్సిన పేజీని ఖాళీగానే పంపుతున్నాను. మంచు పడేనాటికి ఆమె ఉంటే కెమెరాతో రండి. లేకపోతే ఆ పేజీ మీరే దాచుకోండి. మా దగ్గరా అంతకు మించి మిగలదు.

ఇట్లు,
మార్సెలిన్ తమ్ముడు