చీటీలో పేరు రాని స్కూళ్లు

నేపర్‌విల్, అమెరికా,
1984 మే 12

డాక్టర్ కృష్ణమోహన్ గారికి,

దెబోరా తండ్రి సత్యానందం ప్రభువు పేరట వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు క్షేమమేనట, మీ రిపోర్టును అందరూ మెచ్చుకుంటున్నారట.

గారు అని మర్యాదకి రాశాను. ఇక రాయను. నాకు చదువు తక్కువే గానీ నువ్వు చేసిన పని తెలుసు. మా అమ్మాయి ఉద్యోగం టీచర్లకి నేర్పడం. క్లాసులో వెనక కూర్చుని చూసి, టీచర్ ఎక్కడ తడబడిందో తర్వాత నెమ్మదిగా చెబుతుంది. ఆ కోచింగ్ పనికొస్తుందో లేదో తేల్చమని స్కూళ్ల ఆఫీసు నిన్ను పెట్టింది. నువ్వు స్కూళ్ల పేర్లతో చీటీలు తీశావు. పేరు వచ్చిన స్కూళ్లకి దెబోరా వెళ్లాలి, రానివాళ్లకి నేర్పకూడదు. ఏడాది చివర అందరు పిల్లలకీ ఒకే పరీక్ష. నిరుటికన్నా మార్కులు పెరిగాయి, కానీ రెండు వైపులా సమానంగా పెరిగాయి. అంతే, కోచింగ్ దండగ అని రాసేశావు. జూన్‌తో మా అమ్మాయి ఉద్యోగం ఆఖరు.

మా ఇంట్లో చేపల పులుసు తింటూ, "అంకుల్, మీ అమ్మాయి లాంటి టీచర్‌ని నేను చూడలేదు" అన్నావు. ఆ మాట రిపోర్టులో ఏదీ? ఫోన్ చేసి అడిగితే, నోటిమాట లెక్కలోకి రాదు, పోల్చి చూడాలి అన్నావు. పేరు రాని స్కూళ్ల టీచర్లని, ఏడాదంతా ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారమ్మా అని ఒక్కమాట అడిగావా? పరీక్ష కాగితాలు కార్‌లో వేసుకుని పోయావు. అదీ నీ చదువు.

దెబోరా మాత్రం నోరెత్తదు. ఆయన లెక్క తప్పు కాదు నాన్నా, వదిలెయ్ అంటుంది. నేను వదలను. ఇక మా గడప తొక్కకు.

ఇట్లు,
నీ మీద కోపం చల్లారని
సత్యానందం

తా.క. ఇది దెబోరాకి తెలియకుండా రాస్తున్నాను. చలికాలంలో, పేరు రాని స్కూలు టీచర్ ఒకావిడ మా గుమ్మంలో నిలబడి, పిల్లలు మాట వినట్లేదని ఏడ్చింది. దెబోరా కుదరదంది, నీకు మాటిచ్చానంది. లోపలికి రమ్మన్నది నేను. ఏడ్చే ఆడమనిషిని మంచులోకి తోసే కొంప కాదు మాది. తర్వాత ప్రతి శనివారం ఆవిడ, పేరు రాని మిగతా స్కూళ్ల టీచర్లనూ వెంటబెట్టుకొచ్చింది. మా వంటింట్లోనే దెబోరా అందరికీ నేర్పింది. నీకు తేడా ఎలా కనబడుతుందయ్యా? రెండు వైపులా మా అమ్మాయే ఉంది.