గడ్డ చుట్టూ గోడ

మంగళవారం రాత్రి, శక్తినగర్

ఇవాళ నా ఊపిరితిత్తి గురించి నా ఎదుటే, నాకు రాదనుకుని ఉర్దూలో మాట్లాడుకున్నారు.

"ఉన్‌కూ నక్కో బోలో సాబ్," అన్నాడు బావమరిది రాము. ఆయనకు చెప్పొద్దని! డాక్టరు తలూపి స్కానింగ్ వివరించాడు. ఇంజెక్షన్లు ఒంట్లోని రక్షణ కణాలను ఉసిగొల్పాయట, కానీ అవి క్యాన్సర్ గడ్డలోకి పోలేకపోతున్నాయట. ఊపిరితిత్తిని నిలబెట్టాల్సిన కణాలే గడ్డ చుట్టూ గోడ కట్టి వాటిని బయటే ఆపేస్తున్నాయట. పోయినసారి స్కానింగులోనూ ఇదే కనబడిందట.

తర్వాత నా వైపు తిరిగి, "ఏం ఫికర్ చేయకుండ్రి సార్, మందులు గిట్లనే ఏసుకోండ్రి," అన్నాడు.

కవితాళ అనే ఊళ్లో, ఎరువుల కొట్టులో రాము నేర్చిన ఉర్దూ, కంపెనీ బస్సులో రోజూ ఉర్దూ మాట్లాడే తోటి ఉద్యోగి ఖాదర్ పక్కన కూర్చున్న నాకు రాదా?

పోయినసారి గడ్డ సగం తగ్గిందని రాము చెబితే మా ఆవిడ సుజాత పరమాన్నం వండింది. అది నమ్మే, హైదరాబాదులో చూపిద్దామన్న అన్నయ్యను వద్దన్నాను.

ఇందాక నా వీపు వెనక దిండు సర్దుతూ, "ఇంకా తగ్గిందంట కదండీ, రాము చెప్పాడు," అంది.

ఆ దిండుకే ఆనుకున్నాను. ఆనుకోకపోతే ఊపిరి ఆడదు.